పిట్టల సీసా దొంగ

అడవి అంచున ఉన్న గెస్ట్‌హౌస్‌లో వంటవాడిని అందరూ చీమ అంటారు. సన్నగా ఉంటాడనో, ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తాడనో ఆ పేరు వచ్చిందనుకుంటే పొరపాటు. మనిషి వంటింటి గుమ్మంలో నిలబడితే లోపల పొయ్యి వెలుగుతోందో లేదో బయటివాళ్ళకు తెలియదు. అంత విగ్రహం. ఇక ఒళ్ళు దాచుకోకపోవడం సంగతి ఆయన భార్యను అడగండి, మీకు తీరిక ఉంటే. చక్కెర ఎక్కడ దాచినా కనిపెట్టేస్తాడు కాబట్టి చీమ. అంతే.

ఇది చిన్నప్పుడే మొదలైంది. తల్లి చక్కెర డబ్బా అటక మీద పెడితే అటకెక్కాడు. బియ్యం బస్తాలో పాతిపెడితే ఎవరూ అడక్కుండానే బియ్యమంతా జల్లెడ పట్టాడు; మనవడికి బుద్ధి వచ్చిందని నాన్నమ్మ మురిసిపోయింది. ఆఖరికి తల్లికి విసుగు పుట్టి డబ్బాను భోజనాల బల్ల మధ్యలో, మూత తీసి మరీ పెట్టింది. పిల్లవాడు ఇల్లంతా గాలించాడు, పెరడంతా తవ్వాడు, ఆ డబ్బా మాత్రం కనపడలేదు. ఎదురుగా ఉన్నదాన్ని ఎవరు వెతుకుతారు?

పెళ్ళి కూడా ఆ దారిలోనే జరిగింది. పక్క వీధి బేకరీలో గల్లాపెట్టె దగ్గర ఒక అమ్మాయి కూర్చునేది. ఈయన రోజూ వెళ్ళి క్రీమ్ బన్ను కొనుక్కుని, అక్కడే నిలబడి తిని, ఇంకొకటి కొనుక్కునేవాడు. తన కూతురి కోసం వస్తున్నాడని బేకరీ పెద్దాయన అనుకున్నాడు. బన్ను కోసం వస్తున్నాడని కూతురు అనుకుంది. కూతురిదే నిజం. అయినా, పెట్టింది పెట్టినట్టు తిని వేళ్ళు కూడా నాక్కునే కుర్రాడు రేపు కూతురి వంటకు వంకలు పెట్టడు కదా అని పెద్దాయన పిల్లనిచ్చేశాడు. ఆ అమ్మాయి కూడా కాదనలేదు. ఎందుకు కాదనలేదంటే ఇప్పటికీ చెప్పదు.

తరవాత ఇద్దరికీ ఈ గెస్ట్‌హౌస్‌లో పని దొరికింది. ఆయనకు వంటిల్లు, ఆవిడకు గదులు, దుప్పట్లు. వాళ్ళ కాపురమంతా ఒక్క మాటలో చెప్పమంటే, ఆయన చక్కెర దొంగిలించడం, ఆవిడ ఊరుకోవడం. డబ్బా పాలు సగానికి వచ్చాయేమిటయ్యా అంటే ఎండకు ఇగిరిపోయాయి అనేవాడు. బయట చూస్తే ముసురు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆవిడ పట్టగలదు, పట్టదలచుకోలేదు.

అలా సాగిపోయేదే. కానీ ఆయన కాలి బొటనవేలి మీద చిన్న దెబ్బ తగిలి, అది ఎన్నాళ్ళకీ మానలేదు. పట్నం తీసుకువెళితే డాక్టరు పరీక్ష చేయించి, కాగితం చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. షుగరు. తీపి మానకపోతే వేలితో మొదలై పాదం దాకా పోతుందన్నాడు. బస్సులో తిరిగివస్తూ ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. బేకరీ పెద్దాయన, అంటే ఆవిడ తండ్రి, చేసిన ప్రతి కేకూ రుచి చూసిన మనిషి. చివరికి ఒక పాదం లేకుండా కొట్టు అరుగు మీద కూర్చునేవాడు.

ఇంటికి రాగానే ఆవిడ మొగుడి చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది.

"నా మీద ఒట్టెయ్. ఇక చక్కెర ముట్టనని."

"ముట్టను. ఒట్టు."

"తప్పావంటే నేను నీ ఇంట్లో ఉండను. మా చెల్లెలి దగ్గరికి పోతాను. ఇది బెదిరింపు కాదు, చెప్పి ఉంచుతున్నాను."

చక్కెర, జామ్, డబ్బా పాలు, కేకుల సామాను అన్నీ ఒక బీరువాలో పెట్టి తాళం వేసి, తాళం చెవిని నల్లటి తాడుకు గుచ్చి మెడలో వేసుకుంది.

ఇక్కడ నా మాట మీరు నమ్మాలి. చీమ నిజంగానే మానేశాడు. ఇలాంటివాడు మానేశాడంటే నాకే నమ్మబుద్ధి కాలేదు గానీ, మానేశాడు. మొదట్లో చక్కెర లేని టీ తాగుతుంటే ఆ మొహం చూసి అతిథులు టీ వద్దనేవాళ్ళు. కేకు చేసి, రుచి చూడకుండా భార్యకు ముక్క అందించి ఆవిడ కనుబొమ్మల వంక చూస్తూ నిలబడేవాడు. బొటనవేలి పుండు మానింది. ఆవిడ కూడా రాత్రిళ్ళు లేచి ఆయన పాదం తడిమి చూడటం మానేసింది. ఆయన మాత్రం పనుల్లో పడి, ఎవరైనా మెచ్చుకుంటారేమోనని ఎదురుచూశాడు. దొంగతనం మానేసినవాడిని ఎవరు మెచ్చుకుంటారు?

సరిగ్గా అప్పుడు మేనేజరు పిట్టల సీసా కొనుక్కొచ్చాడు. తలకిందులుగా వేలాడదీసే గాజు సీసా, కింద ఎర్ర పువ్వులాంటి మూత, దానికి రంధ్రాలు. అందులో చక్కెర నీళ్ళు పోస్తే తేనెపిట్టలు వచ్చి తాగుతాయి, అతిథులు ఫొటోలు తీసుకుంటారు. వంటింటి వెనక వరండా చూరుకు వేలాడదీశారు. చక్కెర బీరువా తాళం ఆవిడ దగ్గరుంది కాబట్టి నీళ్ళు కలిపే పనీ ఆవిడదే.

పగలంతా పిట్టలు వచ్చి సీసాలో పావు వంతు కూడా తాగేవి కావు. పొద్దు గూకే ముందు ఆవిడ మళ్ళీ నిండుగా పోసేది. తెల్లారేసరికి సీసా ఖాళీ. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు.

"ఏమోయ్ చీమా," అన్నాడు మేనేజరు, భోజనాల గదిలో అందరి ముందూ. "పిట్టలు చీకటి పడకముందే గూళ్ళకు పోతాయి కదా. మరి సీసా ఎవరు ఖాళీ చేస్తున్నారు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చీమ చటుక్కున మూతి తుడుచుకున్నాడు. అలవాటు అలాంటిది.

"నన్నడుగుతారేంటండీ? చీమలు తాగుంటాయి."

కంచాలు తీస్తున్న ఆవిడ ఆయన వంక ఒక్క చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ నోటికి ఆ మాట తప్ప ఇంకేదీ దొరకలేదా అని ఆయన తరవాత తనను తాను తిట్టుకున్నాడు.

ఆవిడ అలిగితే మాటలు ఆగవు, మాటలు చేరే చోటు మారుతుంది. గరిటెతో మాట్లాడుతుంది, తువ్వాలుతో మాట్లాడుతుంది.

"ఏమమ్మా గరిటా," అంది మర్నాడు. "తాళి కట్టినవాడి లాగా నువ్వూ ఒట్టేసి తప్పుతావా ఏంటి?"

"నేను తాగలేదే!" అన్నాడు చీమ.

"విన్నావా గరిటా? తాగలేదట. ఎండకు ఇగిరిపోయిందట."

ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది. తప్పు చేసినప్పుడల్లా తప్పించుకున్న మనిషి, చెయ్యని తప్పుకు దొరికిపోయాడు.

అప్పుడు గెస్ట్‌హౌస్‌లో ఒక గబ్బిలాల మేడమ్ ఉంది. ఎవరూ అంతగా ఎరగని ఒక గబ్బిలం కోసం వచ్చిందట. పండ్లు తినే రకం కాదు, పురుగులు తినే రకం కాదు, పూలలో తేనె మాత్రమే తాగుతుందట. బొటనవేలంత ఒళ్ళు, ఆ ఒంటితో పోటీపడే నాలుక. పుస్తకాల్లో దాని గురించి ఉన్నది ఒక్క పేరాయేనట. ఆ పేరాను రెండు చేద్దామని ఆవిడ రోజూ సాయంత్రం వలలు, దీపాలు పట్టుకుని, బూట్లు వేసుకుని అడవిలోకి పోవడం, కాళ్ళకు జలగలు పట్టించుకుని తిరిగి రావడం. గబ్బిలం మాత్రం దొరకలేదు. చీమ ఆవిడకు వేడివేడి సూప్ పెట్టి, "దొరుకుతుందిలెండి మేడమ్" అని ఓదార్చేవాడు. తన బాధ చెప్పుకోవాలని నోటి దాకా వచ్చేది గానీ, చదువుకున్న మనిషికి చక్కెర నీళ్ళ గొడవ ఏం చెబుతాం అని మింగేసేవాడు.

ఇంతలో ఆవిడ, అంటే మన గరిటె ఆవిడ, ఒక ఉపాయం పన్నింది. బేకరీవాడి కూతురు కదా. కేకుల మీద పువ్వులు వేసే ఎర్ర రంగు సంగతి ఆవిడకు పుట్టుకతో తెలుసు. చేతికంటితే సబ్బుకు లొంగదు, నాలుకకంటితే దేనికీ లొంగదు. సాయంత్రం సీసా నింపుతూ రంగు డబ్బా సగం అందులో వంచేసింది. తెల్లారాక ఎవరి నాలుక ఎర్రగా ఉంటే వాడే దొంగ.

చీమకు ఇదేమీ తెలియదు. ఆయన మసక చీకట్లోనే లేచి, మేనేజరూ భార్యా లేవకముందే వరండాలోకి వెళ్ళాడు. దొంగ ఎవరో తనే తేల్చాలని. సీసా ఖాళీ. కారుతోందా అని కింద నేల తడిమాడు, పొడిగా ఉంది. మూత పగిలిందా అని రంధ్రం దగ్గర వేలు పెట్టి చూశాడు. చివర నిలిచిన చిక్కటి చుక్కలు వేలికి అంటుకున్నాయి. ఇక ఆ వేలు చేసిన పనికి ఆయన్ను తప్పు పట్టకండి. పుట్టినప్పటినుంచీ ఆ వేలికి తీపి అంటితే ఎక్కడికి పోవాలో ఒకటే దారి తెలుసు. అది నోట్లోకి పోయాక గానీ ఆయనకు ఒట్టు గుర్తుకు రాలేదు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో భార్య.

"నాలుక చాపు," అంది. గరిటెతో కాదు, ఆయనతోనే. దానికే ఆయనకు మరీ భయం వేసింది.

"ఎందుకే?"

"చాపు."

చాపాడు. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. ఆవిడ ఆ నాలుక వంక చాలాసేపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"రేపు పొద్దుటి బస్సుకు పోతున్నాను," అంది.

"ఒక్క చుక్కే! దొంగను పట్టుకుందామని..."

"తాడిచెట్టెందుకు ఎక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట నీలాంటివాడు."

ఆవిడ పని సగంలో వదిలేసి అలిగే మనిషి కాదు. పెట్టె సర్దుకుని, ఆ రోజు దుప్పట్లన్నీ ఉతికి, పైన ముసురుగా ఉందని వెనక వరండాలో తాళ్ళకు ఆరేసింది. కసి కొద్దీ సీసాలో మళ్ళీ ఎర్ర నీళ్ళే పోసింది. చీమ మేనేజరు దగ్గరికి వెళ్ళి బతిమాలాడు.

"సార్, ఈ సాయంత్రమంతా మీ ఎదురుగా కూర్చుంటాను. బంగాళాదుంపలు ఇక్కడే ఒలుస్తాను. వరండా తలుపుకు తాళం వేసి, తాళం చెవి మీ దిండు కింద పెట్టుకోండి. ఆవిడ ఎలాగూ అలిగి వేరే గదిలో పడుకుంటుంది, నేను పడుకున్నాక మా గదికి కూడా బయటినుంచి గడియ పెట్టండి."

"నన్ను జైలరును చేస్తావుటోయ్," అన్నాడు మేనేజరు. కానీ సంతోషంగానే చేశాడు.

తెల్లారి తాళం తీసి చూస్తే సీసా ఖాళీ. అది మామూలే. కానీ దుప్పట్లు! తెల్లటి దుప్పట్ల నిండా, పై అంచు నుంచి కింది అంచు దాకా ఎర్రెర్రటి చుక్కలు, చారలు. పెట్టె చేత్తో పట్టుకుని బస్సుకు బయలుదేరిన ఆవిడ, పెట్టె అక్కడే పడేసింది.

"చక్కెర తాగితే తాగావు. నా దుప్పట్ల మీద ఉమ్ముతావా?"

"నేను గదిలో ఉన్నానే! గడియ పెట్టి!"

"కిటికీ లేదూ?"

మేనేజరు ఒకసారి ఆ కిటికీ వంక, ఒకసారి చీమ పొట్ట వంక చూశాడు. "అమ్మా," అన్నాడు జాలిగా, "నీ మొగుడి మీద నాకూ అనుమానమే. కానీ అందులోంచి ఈయన తల పట్టాక మిగతాది ఎక్కడ పెట్టమంటావ్?"

ఆవిడ ఆలోచనలో పడింది. తలెత్తి చూసింది. చుక్కలు దుప్పట్ల మీదే కాదు, వరండా దూలాల మీద కూడా ఉన్నాయి. చీమ అటకలెక్కిన మాట నిజమే గానీ, అది పొట్ట రాకముందు సంగతి.

ఈ కేకలకు గబ్బిలాల మేడమ్ ఒక కాలికే బూటు వేసుకుని బయటికి వచ్చింది. దూలాల మీద మచ్చలు చూసింది. దుప్పటి దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనించి మరీ చూసింది.

"వీటిని ఉతకొద్దు! ఎవరూ ముట్టుకోవద్దు!"

"అవి మీరు కప్పుకునే దుప్పట్లే మేడమ్," అంది ఆవిడ.

"కానీండి! ఇది రెట్టండీ, రెట్ట! తాగినవాడు ఎగురుతూ వేసిపోయాడు!" మేడమ్ చిన్నపిల్లలా గెంతింది. అంతలోనే మొహం వాడిపోయింది. "ఇన్నాళ్ళూ... ఇక్కడేనా? నేను పడుకునే గది గోడకి అవతలా?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మేడమ్ పని. ఇన్నాళ్ళూ జలగల కోసమే అడవికి పోయిందా అని చీమకు నవ్వు రాబోయింది గానీ, తన పరిస్థితి గుర్తొచ్చి ఆపుకున్నాడు.

మేడమ్ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "ఈ ఒక్క సాయంత్రం ఉండండి. సీసా మీరే నింపండి. రంగు మాత్రం వద్దు, దానికి పడకపోవచ్చు. అది రాకపోతే రేపు బస్సు ఛార్జీ నేనే ఇస్తాను."

ఆవిడ మొగుడి వంక చూడకుండా పెట్టె లోపల పెట్టింది. తెరవలేదు.

సాయంత్రం దీపాలు వెలిగించే వేళకు నలుగురూ వరండాలో బల్ల మీద వరసగా కూర్చున్నారు. మేడమ్, మేనేజరు, ఆవిడ, చివర్న చీమ. ఆవిడకూ ఆయనకూ మధ్య ఇంకొక మనిషి కూర్చునేంత జాగా ఉంది. ఆఖరి పిట్ట తాగి వెళ్ళిపోయింది. చీమ తన జన్మలో ఎప్పుడూ మొక్కనంతగా మొక్కుకున్నాడు. రా నాయనా, ఎవరివైనా సరే రా, నా కాపురం నీ నాలుక మీద ఉంది అని.

వచ్చింది. చప్పుడు లేదు. చూరు కింద ఏదో కదిలినట్టయింది, అంతలో సీసా ముందు గాలిలో నిలబడి ఉంది. గోధుమరంగు బొచ్చు, పొడుగాటి మూతి, రెక్కలు ఎంత వేగంగా ఆడుతున్నాయో కంటికి ఆనడం లేదు. రంధ్రంలోకి నాలుక చాపింది. చాపుతూనే ఉంది. ఇంత చిన్న ఒంట్లో అంత నాలుక ఎక్కడ మడిచిపెట్టుకుందో! ఒక్క గుక్క లాగి, గిర్రున తిరిగివెళ్ళి, మళ్ళీ వచ్చింది. తరవాత ఇంకొకటి. తరవాత మూడోది. సీసాలో నీళ్ళు వాళ్ళ కళ్ళ ముందే దిగిపోయాయి.

మేడమ్ ఏడుస్తోంది, సంతోషంతో. మేనేజరు నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు. చీమ మాత్రం ఆ నాలుక వంకే చూస్తూ, "పెట్టి పుట్టింది," అన్నాడు మెల్లగా.

"దీనికి షుగరు రాదా మేడమ్?" అని అడిగాడు మేనేజరు.

"ఇలా తేనె తాగే గబ్బిలాల రక్తం పరీక్ష చేసి చూశారు. తాగిన వెంటనే ఎక్కే చక్కెర మనిషికి ఎక్కితే ఆసుపత్రే. కానీ ఇవి ఊరికే కూర్చోవు. తాగుతాయి, ఎగురుతాయి. ఎగిరి ఎగిరి ఖర్చు పెట్టేస్తాయి."

ఆవిడ ఈ మాట విని లేచి నిలబడింది. మొగుడి ముందుకు వచ్చింది.

"లే."

"ఏంటే?"

"అది ఎగురుతుంది. నువ్వు ఎగరలేవు. నడు."

అలా ఆ సాయంత్రమే ఇద్దరూ గెస్ట్‌హౌస్ చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ముందు ఆయన ఆయాసపడుతూ, వెనక ఆవిడ. రెండో చుట్టులో చీమ ఆగిపోయాడు. మనసులో ఉన్నది కక్కేశాడు.

"ఇన్నేళ్ళూ అబద్ధాలు చెప్తే నమ్మావు. జన్మకొకసారి నిజం చెప్తే నమ్మలేదు. నాకెంత బాధేసిందో తెలుసా?"

"ఎప్పుడు నమ్మానయ్యా? వానలో పాలు ఇగిరిపోయాయంటే నమ్మడానికి నేనేమైనా పిచ్చిదాన్నా? ఊరుకున్నాను."

"మరి ఇప్పుడెందుకు ఊరుకోలేదు?"

"అప్పుడు పోయింది చక్కెర. ఇప్పుడు పోయేది నువ్వు. మా నాన్న కాలు చూసినదాన్ని. నాకు భయమేసింది."

చీమకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంటే వేలి మీద నిన్నటి ఎరుపు ఇంకా వదల్లేదు.

ఆవిడ మెడలోంచి నల్లతాడు తీసి ఆయన మెడలో వేసింది. "నిన్ను అనుమానించాను. తప్పు నాదే. ఇక బీరువా తాళం నీ దగ్గరే ఉంచుకో."

ఆయన ఛాతీ ఉప్పొంగింది. దొరలా నడిచాడు, వంటింటి మలుపు దాకా. అక్కడ కిటికీలోంచి బీరువా కనపడింది. పై అరలో జామ్, కింది అరలో డబ్బా పాలు, ఏది ఎక్కడుందో ఆయనకు తలుపు తెరవకుండానే తెలుసు. చెయ్యి దానంతట అదే తాళం చెవి మీదికి పోయింది. నడక మెల్లబడింది. గబ్బిలం ఒకటి ఆయన చెవి పక్కనుంచి సీసా దగ్గరికి దూసుకుపోయింది.

చీమ తాడు తీసి భార్య చేతిలో పెట్టేశాడు.

"ఇది నీ దగ్గరే ఉంచవే."

"ఏం? నమ్మానని చెప్పానుగా?"

"నువ్వు నమ్మావే. నాకే ఇంకా నమ్మకం కుదరలేదు."

ఆవిడ తాడు మళ్ళీ మెడలో వేసుకుంది. చీకట్లో ఆయనకు మొహం కనపడలేదు గానీ, నవ్వుతోందని తెలిసింది.

"ఇదిగో," అంది ఆవిడ, "ఇప్పుడు నమ్మాను. నడు."